కాలి హార్మణితో బెజవాడ ప్రయాణం

ప్రయాణమనగానే యెరూషలేము గురించో, మెదక్ దేవాలయము గురించో చదవడం మనకు అలవాటు. మేము చెప్పబోయేది అంత గొప్ప స్థలము సంగతి కాదు. పామర్రు దగ్గరి మా పల్లెనుండి బెజవాడ ఆటోనగర్‌కు, ఒడిలో ఒక ఇనుప పెట్టె పెట్టుకొని, ముగ్గురము చేసిన ఒక్క రోజు ప్రయాణము. అయినా ఆ రోజు నేర్చుకున్నది మా సంఘమంతటికీ ఉపయోగపడింది గనుక మీతో పంచుకుంటున్నాము.

మా సంఘములో గాయకబృందము బాధ్యత మా దంపతులది. గిటారు వాయించేది మా చెల్లెలి కొడుకు. ఏడవ తరగతితో వాడి చదువు ఆగిపోయింది. తండ్రితోపాటు తాపీ పనికి వెళ్తాడు. తెలుగు బైబిలు తడబడకుండా చదువుతాడు గాని ఇంగ్లీషు కూడబలుక్కోవాలి. గిటారు మాత్రం చెవితో విని నేర్చుకున్నాడు. 2023లో గాయకబృందము వారందరూ చందాలు వేసుకొని, పట్నములో వాయిద్యాలు మానుకున్న ఒకాయన దగ్గర వాడికోసం పాత సామాను కొన్నారు. గిటారు స్వరాన్ని మార్చే పెట్టె ఒకటి, దాన్ని కాలితో నడిపే పొడవాటి ఫుట్ కంట్రోలరు ఒకటి. రెండవదానికి మా పల్లెవారు పెట్టిన పేరు 'కాలి హార్మణి'.

ఇది ఎరుగని వారికోసం కొంచెం చెప్పాలి. గిటారు వాయించేవాడికి రెండు చేతులూ తీరిక ఉండవు. పాట మధ్యలో స్వరము మార్చాలంటే కాలే దిక్కు. 1962లో అమెరికాలో మాస్ట్రో ఫజ్-టోన్ అనే చిన్న పెట్టె వచ్చింది. కాలితో మీట నొక్కితే గిటారు స్వరము బొంగురుపోయేది. తర్వాత ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క పెట్టె వచ్చింది. 1983లో వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మిడి అనే ఏర్పాటు వచ్చాక, పది మీటలున్న ఒక్క పలకతో దూరంగా ఉన్న పెట్టెను నడపడం సాధ్యమయింది. కాలి హార్మణి తనంతట తాను ఏ స్వరమూ పలకదు. "ఫలానా నంబరుకు మారు" అని తీగగుండా కబురు పంపుతుంది, అంతే. ఆ నంబర్లు సున్నానుండి 127 వరకు, మొత్తం 128. ఏ నంబరుకు ఏ స్వరమో ముందుగా మనమే కుదిర్చి పెట్టుకోవాలి. అందుచేత మీట దగ్గర అంటించే చీటీయే వాయించేవాడికి దారి చూపాలి.

మా దానికి కింద ఐదు, పైన ఐదు మీటలున్నాయి. కుడి పక్కన మరో రెండు. ఈ రెండూ వరుసను మార్చేవి. వాటిని నొక్కితే పది మీటలకూ అర్థము మారిపోతుంది. ఇంతకు ముందు ఒకటవ మీట మెత్తని స్వరమైతే, ఇప్పుడు ఒకటవ మీట మరేదో అవుతుంది. చీటీ మాత్రం మారదు, మొదటిదే చెబుతూ ఉంటుంది.

ఆ చిక్కే మమ్మల్ని పట్టుకుంది. 2023 డిసెంబరు 24, ఆదివారం రాత్రి. మందిరములో దీపాలార్పి అందరమూ కొవ్వొత్తులు పట్టుకొని నిలబడ్డాము. పసివాళ్ళు కూడా కిక్కురుమనని సమయము. మెల్లని పాట మొదలు పెట్టాలి. చీకట్లో వాడి కాలు కుడి పక్క మీటమీద పడింది. వరుస మారిందని వాడికి తెలియదు. రెండవ మీట నొక్కగానే స్పీకర్లలోనుండి చెవులు బద్దలయ్యే అరుపు వచ్చింది. వాడు కంగారుపడి మరొకటి నొక్కాడు. అది ఇంకా ఘోరము. పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఒక ముసలమ్మ చేతిలోని కొవ్వొత్తి జారిపోయింది. ఎవరో స్విచ్చి కట్టేశారు.

ఆరాధన ముగిశాక పెద్దలలో ఒకరు, "ఇది దేవుని మందిరమా, సినిమా హాలా?" అన్నారు. ఆయన అన్నదానిలో కోపముకంటె బాధే ఎక్కువ. కాని ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? మరునాడు క్రిస్మసు ఆరాధనకు వాడు రాలేదు. కొత్త సంవత్సరపు కూడికకూ రాలేదు. గిటారును గుడ్డ సంచిలో వేసి దూలానికి వేలాడగట్టాడు. మా చెల్లెలు ఒక సాయంత్రము వచ్చి, "అక్కా, వాడు ఇంట్లో కూడా పాట మానేశాడు" అని కళ్ళు తుడుచుకుంది.

ఆ రాత్రే మేము వాళ్ళింటికి వెళ్ళి, ఆ పెట్టెను నులకమంచముమీద పెట్టి దీపము వెలుగులో చూశాము. మీటల కింద తెల్ల చీటీలు, వాటిమీద ఇంగ్లీషు పొడి అక్షరాలు. సీహెచ్, డీఎల్‌వై, డీఆర్‌వీ. "ఇదేమిట్రా?" అని ఒక్కొక్కటీ అడిగాము. కొన్నింటికి చెప్పాడు, కొన్నింటికి తల వంచుకున్నాడు. చివరికి అన్నాడు: "పెదనాన్నా, ఈ చీటీలు నావి కావు. ఆయన రాసుకున్నవి. నేను లెక్కపెట్టుకుని నొక్కుతున్నా."

వేరొకరు తమకోసం రాసుకున్న గుర్తులమీద ఈ పిల్లవాణ్ణి నిలబెట్టి, తప్పు నొక్కాడని మనమే నొచ్చుకున్నామని మాకు అప్పుడు తెలిసింది. చీటీలు మార్పించాలి. ఎక్కడ? బెజవాడలో అన్నీ దొరుకుతాయి గదా అనుకున్నాము.

2024 సంక్రాంతి వెళ్ళిన తర్వాతి వారము, ఒక మంగళవారము తెల్లవారుజామున పామర్రులో బస్సెక్కాము. బందరు రోడ్డు మాకు కొత్త కాదు. ఈ దారి పొడవునా పాత జ్ఞాపకాలే. వెనుక బందరులో రాబర్ట్ నోబుల్ దొర 1843లో ప్రారంభించిన పాఠశాలే నేటి నోబుల్ కళాశాల. ముందు బెజవాడలో 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, దాని స్థానములో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి. ఆ కృష్ణమ్మ నీళ్ళే బందరు కాలువలో మా చేలవరకు వస్తాయి. ఉయ్యూరు దగ్గర చెరకు లారీలు అడ్డము వచ్చి బస్సు నెమ్మదించింది. కుర్రవాడు కిటికీ పక్కన కూర్చొని కనబడిన ప్రతి బోర్డూ చదువుతున్నాడు. కంకిపాడు, పెనమలూరు, పోరంకి, కానూరు. తెలుగు బోర్డు కనబడితే వాడి కళ్ళు దానిమీద ఆగనే ఆగవు, అలా తాకి ఇలా దాటిపోతాయి. మేమిద్దరమూ ఒకరి ముఖమొకరు చూసుకున్నాము. చీటీ ఏ భాషలో ఉండాలో బస్సులోనే తేలిపోయింది.

ఏలూరు రోడ్డు ప్రాంతములో మొదటి దుకాణమువారు, "కనీసం వంద స్టిక్కర్లు కొట్టించుకోవాలండీ" అన్నారు. మాకు కావలసినవి పది. రెండవచోట కుర్రవాడొకడు సరేనని కంప్యూటరులో కొట్టాడు. మేము కాగితముమీద రాసుకొని వెళ్ళిన మాటలు కోరస్, డిలే, డిస్టార్షన్ వగైరా. అక్షరాలు కోసే మిషను ఇంగ్లీషును చక్కగా కోసింది గాని తెలుగు దగ్గరకు వచ్చేసరికి ఒత్తులన్నీ ఊడిపోయాయి. డిస్టార్షన్ కాస్తా మూడు ముక్కలై, టవొత్తు ఒక మూల, షకారము ఒక మూల పడ్డాయి. "తెలుగుకు ఇంతేనండీ. మంచిగా కావాలంటే ఆటోనగర్ పోండి. అక్కడ లారీలమీద రాసేవాళ్ళున్నారు" అన్నాడు. పొద్దున బస్సులో దాటివచ్చిన చోటికే మళ్ళీ ఆటో ఎక్కాము.

ఆటోనగర్ చూడని వారు ఒకసారి చూడవలసిందే. వీధి వీధికీ ఒక పని. ఒకచోట లారీ బాడీలకు చెక్క కోస్తుంటారు. ఒకచోట రేకులు వంచుతుంటారు. ఒకచోట కమాను కట్టలు ఎర్రగా కాలుతుంటాయి. సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, రంగు వాసన. ఒక వీధి చివర రేడియం స్టిక్కర్ల బడ్డీ కనబడింది. పసుపు రేడియం షీటు చూడగానే కుర్రవాడి ముఖము వెలిగింది. "పెద్దమ్మా, ఇదైతే చీకట్లో మెరుస్తుంది!" అన్నాడు. మాకూ అలాగే తోచింది.

పక్కన లారీ తలుపుమీద అక్షరాలు దిద్దుతున్న ఒక పెద్దాయన కుంచె ఆపి నవ్వారు. డెబ్బై ఏళ్ళుంటాయి. "ఎక్కడ పెడతారు దాన్ని?" అని అడిగారు. సంగతి చెప్పాము. ఆయన షీటు ముక్క ఒకటి తీసుకొని, మమ్మల్ని చీకటిగా ఉన్న షెడ్డులోకి తీసుకుపోయి, షట్టరు దించారు. ఏమీ కనబడలేదు. తర్వాత సెల్‌ఫోను లైటును తన కనుబొమ్మల దగ్గర పెట్టుకొని, కుర్రవాణ్ణి పక్కన నిలబెట్టి, "మెరుస్తోందా?" అన్నారు. "అంతగా లేదండీ" అన్నాడు వాడు. అదే లైటును కుర్రవాడి నుదుటి దగ్గర పెట్టారు. "అబ్బ!" అన్నాడు వాడు. అక్షరము నిప్పులా వెలిగిందట.

"ఇదీ దీని గుణం. వచ్చిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. లారీ లైటు డ్రైవరు కళ్ళకు దగ్గరుంటుంది గనుక ఆయనకు మెరుస్తుంది. లైటు లేని చోట ఇది మామూలు కాగితమే" అన్నారు పెద్దాయన.

పేరుకు రేడియం గాని ఇందులో రేడియం ఏమీ లేదు. 1898లో క్యూరీ దంపతులు కనుగొన్న అసలు రేడియాన్ని, రాత్రి కనబడాలని ఒకప్పుడు గడియారాల ముఖాలకు పూసేవారు. ఆ కుంచెలను పెదవులతో మొన చేసుకొని పని చేసిన అమెరికా యువతులు అనేకులు 1920లలో జబ్బుపడి చనిపోయారు. ఆ పూత పోయింది. దానికీ దీనికీ సంబంధము లేదు, పేరు మాత్రం మన వీధుల్లో మిగిలింది. ఈ షీటులో ఉండేవి కంటికి ఆనని గాజు పూసలు, లేదా సన్నని పలకల అచ్చులు. అవి చేసేది వెలుగును తిప్పి పంపడమే.

పెద్దాయన పెట్టెను నేలమీద పెట్టించి, కుర్రవాణ్ణి పాట పాడేటప్పుడు ఎలా నిలబడతాడో అలాగే నిలబడమన్నారు. ఏ కాలు వాడతావని అడిగారు. తర్వాత తానూ అక్కడ నిలబడి కిందికి చూశారు. "కన్ను అయిదడుగుల పైన ఉంది. ఈ చీటీలు పుస్తకంలో అక్షరాల్లా ఉన్నాయి. బొటనవేలంత అక్షరం కావాలి. నలుపుమీద పసుపు. మీటకు కింద కాదు, పైన రాయాలి. కింద రాస్తే పాదం కప్పేస్తుంది. మీటమీదే రాస్తే నెలలో అరిగిపోతుంది" అన్నారు. ఇన్ని నెలలుగా మాకెవ్వరికీ ఇది తట్టలేదు.

"ఏం రాయమంటారు?" మా కాగితము చూపించాము. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చదివారు. "కోరస్ అంటే ఏంది బాబూ?"

"ఒక్క గిటారే ఇద్దరు ముగ్గురు కలిసి వాయించినట్టు వినబడుద్దండి."

"డిలే?"

"బావిలో కేకేస్తే తిరిగొచ్చినట్టండి."

"అది ఎప్పుడు వాయిస్తావు?"

"ప్రార్థనప్పుడండి. నెమ్మదిగా."

"మరి ప్రార్థన అని రాసుకోరాదా? లారీమీద డీజిల్ ట్యాంకు అని రాస్తాం గాని అందులో ఇనుమెంతో రాస్తామా? ఎందుకు వాడతావో అది రాసుకో."

కుర్రవాడు చాలాసేపు ఆలోచించాడు. మేము కలుగజేసుకోలేదు. ఆ ఆలోచన వాడిదే కావాలి. చివరికి ఐదు మాటలు చెప్పాడు. ప్రార్థన. కీర్తన. పిల్లలు. పండుగ. మౌనం. మౌనమంటే తీగలు శ్రుతి చేసుకొనేటప్పుడు బయటికి శబ్దము రాకుండా చేసే మీట. "మరి పై వరుస ఐదు?" అంటే, "ఐదింటికీ ప్రార్థన స్వరమే పెట్టేస్తా. కాలు జారి అక్కడ పడ్డా ఎవరూ బెదరరు" అన్నాడు. ఈ తెలివి వాడిలో ముందునుండీ ఉన్నదే. అడిగినవారే లేరు.

పాత చీటీల జిగురును గుడ్డతో కాస్త కిరోసిను అద్ది తీశారు. థిన్నరు వాడితే పెట్టె రంగే లేచిపోతుందట. ఆరబెట్టి, చేతితో గీత గీయకుండానే పసుపు రంగుతో ఐదు మాటలూ రాశారు. 'ప్రార్థన'లో ఒత్తులు ఎంత ముచ్చటగా కుదిరాయో చెప్పలేము. పైన పారదర్శకమైన వార్నీషు పూశారు. ఎదురు షెడ్డులో రేకు పని చేసే ఆయన ఆ రెండు వరుస మార్చే మీటలపైన సరిపోయేలా చిన్న అల్యూమినియం టోపీ వంచి ఇచ్చాడు. రెండు వైపులా అంటుకునే టేపుతో బిగించాము. అవసరమైతే తీయవచ్చు, పొరపాటున నొక్కడానికి వీలుండదు.

ఆరుతుండగా పెద్దాయన టీ తెప్పించి మరో ప్రశ్న వేశారు. "చెప్పులేసుకుని వాయిస్తావా?"

"లేదండి. మందిరంలో చెప్పులు బయటే."

"ఇంకేం మరి! గేరు రాడ్డుమీద గీసిన గుర్తులు ఏడాదికే అరిగిపోతాయి. ఏ డ్రైవరైనా కిందికి చూసి గేరు వేస్తాడా? చెయ్యి చూస్తుంది. నీకు కాలు చూస్తుంది" అంటూ కొంచెం ఎం-సీల్ కలిపి, మొదటి మీట అంచున ఒక చిన్న బుడిపె, రెండవదానిమీద రెండు, ఐదవదానిమీద సన్నని గీత పెట్టారు. ఈ యంత్రాలు చేసేవారు బూట్లు వేసుకొని నిలబడేవారిని తలంచుకొని చేస్తారు కాబోలు. చెప్పులు విడిచి దేవుని సన్నిధికి వచ్చే మన అలవాటు ఇక్కడ ఇంత మేలు చేస్తుందని మేము అనుకోలేదు.

ఆయన తీసుకున్నది రెండు వందలు. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకు కంపెనీ నంబరు ప్లేట్లే తప్పనిసరి గనుక చేతితో రాసే పని తగ్గిందని, కొడుకులు ఈ పనిలోకి రాలేదని చెప్పారు. "ఇంత చిన్న లారీమీద రాయడం ఇదే మొదలు" అని పెట్టెను తట్టి నవ్వారు. మేము బయలుదేరుతుంటే కుర్రవాడు వంగి ఆయన చేతులు పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు.

తిరుగు బస్సులో ఊరికే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిచాము. ప్రతి కీర్తన నెత్తిన రాగము, తాళము అచ్చువేసి ఉన్నాయి. పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) కాలమునాటి పాటలు నేటికీ దారి తప్పకుండా మన నోట ఉన్నాయంటే, ఆ చిన్న అక్షరాల సహాయము తక్కువేమీ కాదు. ఇన్నేళ్ళు వాటిని చదవకుండానే దాటిపోయాము. ఆ రోజు ఒక్కొక్కటీ చదివాము. మాతోపాటు వాడూ చదివాడు. ఉయ్యూరు దాటేసరికి మెల్లగా పాట అందుకున్నాడు. నెల రోజుల తర్వాత వాడి గొంతు వినడం అదే.

అయినా వాడు వెంటనే మందిరానికి రాలేదు. ఇంట్లో దీపమార్పి సాధన చేసేవాడని చెల్లెలు చెప్పింది. 2024 మార్చి 31, పునరుత్థాన పండుగ. మా సంఘము తెల్లవారుజామున నాలుగున్నరకు సమాధుల తోటలో కూడుకుంటుంది. చీకటి. ఒక్క చిన్న బల్బు పాస్టరుగారి పుస్తకము దగ్గర. ఆ వేళ మేము ఎదురు చూస్తుండగా, భుజాన గుడ్డ సంచితో, వట్టి కాళ్ళతో వాడు వచ్చాడు. వెనుక నాన్న ఆ పెట్టె మోసుకొచ్చాడు.

మొదటి పాటకు మా ఇద్దరి చేతులూ చల్లబడ్డాయి. వాడు కిందికి చూడలేదు. తూర్పు వైపు చూస్తూ వాయించాడు. ప్రార్థన స్వరము, తర్వాత కీర్తన, వెలుగు వచ్చాక పండుగ. మధ్యలో ఒకసారి పిల్లల మీట నొక్కాడు, అది పొరపాటే. వెంటనే సర్దుకున్నాడు. మాకు తప్ప ఎవరికీ తెలియలేదు. ఆరాధన అయ్యాక, క్రిస్మసు రాత్రి మాట అన్న పెద్దాయనే వాడి దగ్గరకు వెళ్ళి, వంగి ఆ పసుపు అక్షరాలు పైకి చదివారు. "మౌనం అనేది కూడా ఉందట్రా? మంచిది. నాకూ ఒకటి పెట్టించు" అన్నారు. వాడు నవ్వాడు. అందరమూ నవ్వాము.

మీ సంఘములో ఇటువంటి వాయిద్యము ఉంటే ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. వాయించేవారి భాషలోనే పేర్లు రాయించండి. మీటకు పైన, పెద్ద అక్షరాలలో రాయించండి. అక్కర లేని మీటలను మూయండి. చీకట్లో కాలికి తెలిసే గుర్తు పెట్టండి. మైకు మిషనుమీద, మందిరపు కరెంటు స్విచ్చులమీద కూడా ఇలాగే చేయవచ్చు. మేము చేశాము.

దర్శనమును పలకమీద పరుగెత్తువాడు సైతము చదువగలిగేంత తేటగా వ్రాయుమని దేవుడు హబక్కూకు ప్రవక్తకు ఆజ్ఞాపించిన సంగతి మనమెరుగుదుము. ఆ వాక్యము ఎన్నోసార్లు విన్నాము. దాని అర్థములో కొంత మాకు ఆటోనగర్‌లో, రంగు వాసనల మధ్య, కుంచె పట్టుకున్న ఒక ముసలాయన చేతిలో కనబడింది. మన పిల్లలు తడబడినప్పుడు వారిని గద్దించక ముందు, వారి ముందు మనము పెట్టిన అక్షరాలు వారు చదువుకోగలిగేవేనా అని ఒక్కసారి వంగి చూద్దాము.